ఉప్పు సరిపోయింది

నేను ఒక స్టీలు డబ్బాని. సంతోషమైనా దుఃఖమైనా నా ఒళ్లు ఒకేలా చల్లగా ఉంటుంది, కాబట్టి నా దగ్గర కన్నీళ్లు ఆశించకండి. కాకినాడ మెయిన్‌రోడ్డు కొట్లో తాయారు నన్ను బేరమాడి కొని, పొట్ట మీద తన పేరు కొట్టించింది. ఆ దెబ్బలకి కూడా నేను కిక్కురుమనలేదు.

మొదట వడియాలు దాచింది. తర్వాత ఏటా జాడీలోంచి కొంత ఆవకాయ నాలోకి ఎత్తేది. మూడోనాడు తిరగకలిపి, వేలి కొసన కాస్త తీసుకుని మొగుడి దగ్గరికి వెళ్లడం ఆవిడ అలవాటు. "ఏవండీ, ఉప్పు సరిపోయిందా?"

ఈ వేసవిలోనూ అడిగింది. వామనరావుగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "తర్వాత చూస్తాలేవే" అన్నారు. ఆ వారమే ఆవిడ గుండె ఆగిపోయింది. ఆ 'తర్వాత' మీద మనుషులకి ఎంత నమ్మకమో!

జాడీలోది వచ్చిపోయే చుట్టాలు తినేశారు. నాలోది మిగిలింది. ఆయన తెరవలేదు, ఎవర్నీ తెరవనివ్వలేదు. రుచి చూస్తే జవాబు చెప్పాలి. అడిగిన మనిషి లేదు.

తాయారు ముచ్చటపడి కుదుర్చుకున్న ఆఫ్రికా ప్రయాణం ఆగకూడదని ఆవిడ తమ్ముడు శేషు బావగారిని లాక్కొచ్చాడు. ఆయన నన్నూ పెట్టెలో పెట్టుకొచ్చారు. జాంబియాలో ఏటి ఒడ్డున విడిది. పేరుకే గుడారం, లోపల దోమతెర మంచం, స్నానాల తొట్టి, అబ్బో! ఏట్లో నీటిగుర్రాలు, ఎదుటి ఒడ్డున ఏనుగులు. అన్నిటికీ వామనరావుగారు "బావుంది" అనేవారు. నా మూత చప్పుడులోనే ఇంకాస్త ప్రాణం ఉంటుంది.

"గుడారంలో తిండి ఉంచకండి సర్, బబూన్ కోతులొస్తాయి" అని గైడ్ ఫిరి ముందే చెప్పాడు. ఆవకాయని తిండి కింద లెక్కేసే తెలుగువాడు ఎవడు? నన్ను తువ్వాల్లో చుట్టి తలగడ పక్కన పెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం కోతి రానే వచ్చింది. నన్ను చంకనెట్టుకుని చెట్టెక్కి, మూత పీకి, చెయ్యి ముంచి నాకి, కెవ్వుమని నన్ను విసిరేసింది. ముక్కలన్నీ ఇసకపాలు. ఫిరి నన్ను తెచ్చిచ్చాడు. లోపల అంచులకి కాస్త పిండీ నూనే మిగిలాయి.

వామనరావుగారు నా వంక చాలాసేపు చూశారు. "శేషూ, వంటింట్లో వేడన్నం ఉందేమో అడుగు."

"బావా, నువ్వు కలుపుతావా?"

"మీ అక్క కలిపేది కదా."

ఖాళీ అయిన ఆవకాయ డబ్బాలో అన్నం కలిపి అందరికీ ముద్దలు పెట్టడం మా ఇంట్లో తాయారు పని. ఆయనకి కలపడం కూడా సరిగ్గా రాలేదు. ఒక ముద్ద శేషుకి, ఒకటి ఫిరికి పెట్టారు.

"అమ్మో, నిప్పు సర్!" అన్నాడు ఫిరి, ఇంకోటి కోసం చెయ్యి చాపుతూనే.

చివరి ముద్ద ఆయన నోట్లో పెట్టుకున్నారు. నెమ్మదిగా నమిలారు. ఏటి వైపు తిరిగి, "సరిపోయిందే" అన్నారు. శేషు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బయల్దేరే రోజు శేషు నన్ను సంచీలో పెట్టబోతే ఆయన ఆపారు. "వద్దురా. ఇక్కడికి రావాలని ఎంతో అనుకుంది. ఉండనీ."

ఇప్పుడు విడిది వంటింట్లో నాలో చక్కెర పోస్తున్నారు. నా పొట్ట మీది అక్షరాలేమిటో ఫిరి ఆ రోజే అడిగి తెలుసుకున్నాడు. పొద్దున్నే టీ కాచేటప్పుడు, "తాయారు ఎక్కడ?" అని వంటవాణ్ణి కేకేస్తాడు. అప్పుడు మాత్రం నా ఒళ్లు కాస్త వెచ్చగా ఉన్నట్టుంటుంది. పొయ్యి పక్కనే పెడతారు కదా, అందుకే కాబోలు.