జెడ్డా గడియారం

అమీనా బీ ఇంట్లో గోడకు రెండు గడియారాలు. ఒకటి మన టైము. రెండోది రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. ఆమె భర్త జెడ్డాలో డ్రైవరుగా ఉన్నప్పుడు, ఆయనకు తీరిక ఎప్పుడో తెలియడానికి పెట్టింది. ఆయన పోయాక కూడా దానికి సెల్లు మారుస్తూనే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు కూతురు అనీసా ఫోను మోగింది. అవతల ఆమె భర్త ఉబేద్.

"దిగిన. జెడ్డా ఎయిర్‌పోర్టుల ఉన్న. ఇగ నిమ్మళంగ ఉండు," అని పెట్టేశాడు.

అనీసా ఊపిరి పీల్చుకుంది. అతడి దెబ్బలు పడలేక ఖమ్మం నుంచి బూర్గంపాడుకు పుట్టింటికి వచ్చేసిన రోజు, ఉబేద్ అన్నది ఒకే మాట: "జెబాను ఎత్తుకపోత. మల్ల దాని మొహం సూడవు." అప్పటినుంచి నాలుగేళ్ల కూతురు జెబా గడప దాటలేదు. అనీసా అన్న సాకిబ్ భద్రాచలంలో మెకానిక్ షాపు మూసి, గుమ్మంలోనే కాపలా కూర్చున్నాడు. నిన్న ఉబేద్ విమానం టికెట్ ఫొటో పంపాడు.

సాకిబ్ ఒళ్లు విరుచుకున్నాడు. "నాలుగు వేల కిలోమీటర్ల అవతల పడ్డడు. ఆడికెంచి ఏం జేస్తడు? షాపు తెరిసొస్తనే అమ్మీ."

"పో బిడ్డా. కూసుండి తిని పొట్ట పెంచినవ్," నవ్వింది అమీనా బీ.

బండి వెళ్లిపోయింది. జెబాకు కొత్త గౌను తొడుగుతూ అనీసా టికెట్ ఫొటో మరోసారి చూసింది. హైదరాబాద్‌లో ఎక్కేది పదింటికి. దిగేది ఒంటిగంటకు. ఆమె కళ్లు గోడ మీదికి పోయాయి. జెడ్డా గడియారంలో ఇంకా పదకొండు కూడా కాలేదు.

"అమ్మీ! హైదరాబాద్‌ల ఎక్కితే అబ్బాజాన్ జెడ్డాల ఎంతసేపటికి దిగేటోడు?"

"అయిదున్నర గంటలు. ఏందే?"

టికెట్ మీద ఒంటిగంట అక్కడి ఒంటిగంట. మనకు మూడున్నర. ఎన్నడూ విమానమెక్కని ఉబేద్ మన గడియారం చూసి ఫోను చేశాడు. నిజంగా ఎక్కి ఉంటే ఇప్పుడు సముద్రం మీద ఉండాలి.

"ఎక్కనే లేదమ్మీ!"

చెప్పులేసుకుని గడప దాటబోతున్న జెబాను ఒక్క గుంజు గుంజి, తలుపు గడియ పెట్టింది. సాకిబ్‌కు ఫోను చేసింది. "బ్రిడ్జి కాడున్న, తిరిగొస్తున్న," అన్నాడు. అమీనా బీ మూలనున్న రోకలి అందుకుంది.

ఫోను మళ్లీ మోగింది.

"పిల్లకియ్యి, మాట్లాడుత," అన్నాడు ఉబేద్.

"నిద్రపోయింది." అనీసా జెబా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "సాకిబ్ భాయ్ ఇక్కడనే ఉన్నడు. మాట్లాడుతవా?"

అవతల చిన్న నవ్వు.

"అవునా? మరి వాకిట్ల బండేదే?"

గేటు గొళ్లెం లేచింది. ఆ చప్పుడు ఫోనులోనూ, వాకిట్లోనూ ఒక్కసారే వినిపించింది.