కిటికీ కింద అడవి లిల్లీ

అక్క పంతం పట్టిందంటే దేవుడు దిగొచ్చినా వినదు. "ఆ లిల్లీ ఇక్కడ పూసిందా, ఉండిపోతా. పూయకపోతే నా దారి నాదే," అని తేల్చేసింది. టైలరు పని చేసుకునే చెల్లెలు సరేనంది. అనక చస్తుందా? బావ పోయాక అడవి అంచున ఆ ఇంట్లో అక్క ఒక్కతే ఎలా ఉంటుందని కాళ్ళావేళ్ళా పడి తన ఇంటికి తెచ్చుకుంది మరి!

వస్తూ వస్తూ అక్క కొంగున ముడేసుకొచ్చిన దుంప అది. చలి తగ్గగానే, పెద్ద చెట్లు చిగుర్లేసి నీడ కమ్మేలోపు పూసి, ఆనక ఆకుతో సహా మాయమైపోయే రకం. అదంతా చెల్లెలికెందుకు? కొత్త కుండీలో నాటి, మిషను పక్క కిటికీలో ఎండకు పెట్టింది. పూటపూటా నీళ్ళు పోసింది. ఎండుటాకు కనిపిస్తే ఏరిపారేసింది.

"దానికి చెట్టు మొదలు కావాలే. ఎండుటాకుల దుప్పటి కావాలి," అని మొత్తుకుంది అక్క.

"నీ అడవి వేషాలు నా కుండీలో సాగవు," అంది చెల్లెలు.

పువ్వు సంగతి సరే, ఉన్న రెండాకులూ వాడిపోయాయి. చెల్లెలు బతిమాలి ఇంకో ఏడాది గడువు తీసుకుంది. ఈసారి బుద్ధిగా దుంపను కిటికీ కింద చెట్టు మొదట్లో పాతి, రాలిన ఆకులన్నీ కప్పింది. అక్క గుండీలు కుడుతూ ఉండుండి సూది ఆపేసేది. "ఈపాటికి మా వాగు పక్కన నేల కనపడకుండా పూసుంటాయే," అనేది. ఆ మాటకి చెల్లెలి గుండె కలుక్కుమనేది.

ఒక పొద్దున చెల్లెలు గుడ్డముక్కలు పారబోయడానికి వెళ్ళి కేక పెట్టింది. "అక్కా! పూసింది! గెలిచాను!"

అక్క దిగొచ్చి పువ్వు పక్కన చతికిలబడింది. గుప్పెడు తడి ఆకులు తీసి వాసన చూసి, కళ్ళు మూసుకుంది. ఇక్కడికి వచ్చాక ఆ మొహంలో అంత వెలుగు చెల్లెలు ఎన్నడూ చూడలేదు.

"మాటంటే మాటే. ఉంటాలే," అంది అక్క. తర్వాత మెల్లిగా, "ఒక్కటే పూసింది, పాపం," అంది.

చెల్లెలు లోపలికి పోయి అటక మీది అక్క సంచి దించింది.

"అదేంటే, ఓడిపోయింది నేనుగా?"

"ఓడినదానివి చెప్పినట్టు విను. నడు, మీ వాగు పక్కన పూలు రాలకముందే నిన్ను దింపి వస్తా."

"మరి ఈ పువ్వు?"

"పందెం వేసి గెలుచుకున్నాను. ఇదొక్కటీ ఇవ్వను," అంటూ చెల్లెలు భోరుమంది.