డమ్మీ అభ్యర్థి

మా ఆయన పార్టీలో కన్వీనరు. నేను డమ్మీని. ఇది ఎగతాళికి అంటున్న మాట కాదు, ఎన్నికల్లో అది నిజంగానే ఒక హోదా. అభ్యర్థి కాగితాల్లో ఏదో ఒక గడి ఖాళీగా ఉండిపోయి నామినేషన్ కొట్టేస్తే పార్టీకి మనిషి లేకుండా పోకూడదని, అదే ఇంట్లోంచి ఇంకొకరి చేత కూడా నామినేషన్ వేయిస్తారు. భార్య అయితే మరీ మంచిది, ఎదురు తిరగదని వాళ్ళ ధీమా. మూడు ఎన్నికలుగా నేను అలా వేస్తున్నాను. మా ఆయన కాగితాలు సరిపోయాయని తెలియగానే వెళ్ళి సంతకం పెట్టి తప్పుకుంటున్నాను.

ఆఫీసుల వీధిలో నాకు దరఖాస్తుల కొట్టు ఉంది. ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, ఒక బల్ల. పింఛను ఫారాలు, పేరు మార్పు ఫారాలు, అఫిడవిట్లు అన్నీ నేనే నింపుతాను. అందరూ నన్ను ఫారాలక్క అంటారు. మా ఆయన నామినేషన్ కూడా నేనే నింపాను కాబట్టి అందులో ఏముందో ఆయనకంటే నాకే బాగా తెలుసు. పార్టీ ఇచ్చే ఫారంలో కింద ఒక వాక్యం ఉంటుంది. మొదటి అభ్యర్థి తప్పుకుంటే రెండో పేరు ఎవరిదైతే వాళ్ళే పార్టీ అభ్యర్థి అని. దాన్ని చదివే తీరిక నాయకులకు ఉండదు.

ఈసారి మాకు పొత్తు కుదిరింది. మొన్నటిదాకా మా చిన్న పార్టీ తిట్టిపోసిన పెద్ద పార్టీతోనే. సీట్ల పంపకం నామినేషన్లు వేసేశాక కూడా తెగలేదు. ఆ గొడవలో ఈసారి నన్ను వెళ్ళి తప్పుకోమని చెప్పడం అందరూ మరిచిపోయారు. ఇక్కడ మీరు తప్పుకోండి, అక్కడ మేం తప్పుకుంటాం అని బేరాలు నడిచి నడిచి, ఉపసంహరణకు ఆఖరి రోజు పొద్దున తేలింది. మా సీటు పెద్ద పార్టీకి పోయింది. వాళ్ళ అభ్యర్థి కాంట్రాక్టరు.

ఆ మనిషి ఊసు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఐదేళ్ళ కిందటి పోలింగ్ రోజున బడిలో పెట్టిన బూత్‌లో మా తమ్ముడు మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. వాణ్ణి అక్కడికి పంపింది మా ఆయనే. ఊళ్ళో లేనివాళ్ళ ఓట్లు వేయడానికి వచ్చినవాళ్ళను తమ్ముడు ఆపాడు. కాంట్రాక్టరు బావమరిది మనుషుల్ని వెంటేసుకుని వచ్చి, బెంచీ కాలు విరిచి దాంతోనే కొట్టాడు. తమ్ముడికి ఎడమ కన్ను పోయింది. వాడు బస్సు డ్రైవరు. కన్నుతోపాటు లైసెన్సూ పోయింది. ఇప్పుడు అదే డిపోలో బస్సులు కడుగుతున్నాడు.

కేసు ఇంకా నడుస్తోంది. బూత్‌లో ఉన్నవాళ్ళందరికీ ఆ రోజునుంచే చూపు మందగించింది, ఎవరూ ఏమీ చూడలేదట. మిగిలిన ఒకే ఒక్క సాక్షి మా ఆయన. గేటు దగ్గర్నుంచి లోపలికి వస్తుంటే, ఆ బావమరిది చేతిలో బెంచీ కాలుతో పారిపోవడం చూశానని అప్పట్లో పోలీసులకు చెప్పాడు. కేసు మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. పది రోజుల్లో ఆయన బోనెక్కాలి.

ఆ మధ్యాహ్నం మా ఆయన తన నామినేషన్ ఉపసంహరించుకుని భోజనానికి వచ్చాడు. ఫోన్లో ఫోటో చూపించాడు. కాంట్రాక్టరూ ఈయనా చేతులు కలిపి పైకెత్తారు. నేను సీటు గురించి అడగలేదు, కేసు సంగతేమిటని అడిగాను. ఆయన అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. అవన్నీ పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారన్నాడు. ఏం మాట్లాడుకున్నారని నేను వదల్లేదు. మెల్లమెల్లగా బయటికి వచ్చింది. బోనులో ఈయన మనిషిని గుర్తుపట్టలేనని చెప్పాలి. గెలిచాక ఈయనకు ఒక కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇస్తారు. తమ్ముడికి కూడా దారి చూపిస్తామన్నారు, కాంట్రాక్టరు గోడౌన్లో కాపలా ఉద్యోగం. కన్ను పోగొట్టినవాళ్ళ సొత్తుకు ఉన్న ఒక్క కన్నుతో కాపలా కాయాలన్నమాట.

నా పేరు ఇంకా జాబితాలోనే ఉందని అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నన్ను ఎవరూ అడగలేదు మరి. కంచం తీసేసి నా పనిలో పడ్డాను.

రెండు కావస్తుండగా మా ఆయన ఫోను మోగింది. పెద్ద పార్టీ లాయరు జాబితా చూసుకుంటుంటే అందులో నా పేరు కనబడిందట. పది నిమిషాల్లో మా ఇంటి ముందు రెండు జీపులు ఆగాయి. మా జిల్లా అధ్యక్షుడు, వాళ్ళ లాయరు, వెనకాలే కాంట్రాక్టరు దిగారు. అతను మా గడప తొక్కడం అదే మొదటిసారి. నెమ్మదిగా మాట్లాడే మనిషి. మంచినీళ్ళు అడిగి తాగాడు, గ్లాసు తనే బల్ల మీద పెట్టాడు. ఉపసంహరణ ఫారం వాళ్ళే నింపి తెచ్చారు. నా వయసు తప్పు వేశారు. అలవాటు కొద్దీ పెన్ను తీసి దిద్దాను. సంతకం కూడా పెట్టేస్తున్నాననుకుని అధ్యక్షుడి మొహం వికసించింది. నేను పెన్ను మూసేసి, ముందు మా తమ్ముణ్ణి పిలిపించమన్నాను.

మూడింటికి ఎన్నికల అధికారి గది తలుపు మూస్తారు. ఇక్కడినుంచి ఆ ఆఫీసు ఐదు నిమిషాల దూరం. వాదించే వ్యవధి లేక జీపు డిపోకి పంపారు. తమ్ముడు తడి ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని అలాగే వచ్చాడు. గదిలో కాంట్రాక్టరును చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నేను రమ్మని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

అప్పుడు నా షరతు చెప్పాను. నాకు సీటొద్దు, పదవొద్దు, ఎవరి ఉద్యోగమూ వద్దు. మా ఆయనవైపు తిరిగాను.

"ఆ రోజు వీణ్ణి కొట్టిందెవరో ఈ కాంట్రాక్టరు ముందు, వీడి ముందు ఒక్కసారి చెప్పండి. చెప్పిన మరుక్షణం సంతకం పెడతాను."

అధ్యక్షుడికి ఇది చాలా చవకగా తోచింది. మాటే కదా, అనెయ్యవయ్యా అన్నాడు. కాంట్రాక్టరు మాత్రం మా ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. గోడ గడియారంలో రెండున్నర దాటింది. ఆయన ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి కాంట్రాక్టరును చూశాడు. తమ్ముడివైపు మాత్రం తల తిప్పలేదు.

"నేను సరిగ్గా చూడలేదు," అన్నాడు. "గొడవగా ఉంది. ఎవరో పరుగెత్తారు."

నాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఇరవై ఏళ్ళుగా ఈ మనిషి బట్టలు ఇస్త్రీ చేసి సభలకు పంపుతున్నందుకు సిగ్గేసింది. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే అక్కా. బావ గేటు దగ్గర ఉన్నాడు కదా, అంత దూరం నుంచి ఏం కనబడుతుంది? నువ్వు సంతకం పెట్టెయ్. నా గురించి మీ ఇంట్లో గొడవలొద్దు."

వాడు నా కాపురం నిలబెట్టడానికి అలా అంటున్నాడని గదిలో ఉన్న అందరికీ తెలుసు. నేను ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల సొరుగులో పడేసి తాళం వేశాను. ఆ తర్వాత అధ్యక్షుడు బతిమాలాడు, బెదిరించాడు, మళ్ళీ బతిమాలాడు. రాష్ట్ర ఆఫీసునుంచి ఎవరో ఫోన్లో నాతో పార్టీ క్రమశిక్షణ గురించి మాట్లాడారు. నేను వింటూనే ఉన్నాను. మూడయింది. కాంట్రాక్టరు లేచి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఇంట్లో ఓటే నీది కాదన్నమాట అనేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అంటించిన అభ్యర్థుల జాబితాలో మా పార్టీ గుర్తు పక్కన నా పేరు ఉంది. మేం కావాలనే చేశామంటారు వాళ్ళు, పొరపాటంటారు మా వాళ్ళు. ఆ పొత్తు ముందే అతుకుల బొంత, లాగేవాళ్ళకు నేనొక దారం అందించానంతే. పక్క నియోజకవర్గాల్లో పెద్ద పార్టీవాళ్ళు మా అభ్యర్థులకు ప్రచారం చేయడం మానేశారు. మా వాళ్ళు వాళ్ళ సభలకు జెండాలు పంపడం ఆపేశారు. మొదటి మూడు రోజులు మా పార్టీ నన్ను ద్రోహి అంది. నాలుగో రోజు ఇద్దరు నాయకులూ టీవీలో ఒకరినొకరు తిట్టుకుని పొత్తు తెంచుకున్నారు. ఐదో రోజు అదే అధ్యక్షుడు నా కొట్టుకు వచ్చి, పార్టీ పరువు నిలబెట్టావు తల్లీ అన్నాడు. నాలుక్కి నరం లేదు కదా.

మా ఆయన ఆ నాలుగు రోజులూ పార్టీ ఆఫీసులోనే పడుకున్నాడు. ఐదో రోజు ఇంటికి వచ్చాడు, మొహం తేటగా ఉంది. చాలాకాలం తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచాడు.

"ఇక భయం లేదు. కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పమన్నారు. అధ్యక్షుడు కూడా ఒప్పుకున్నాడు."

నేను కోరుకున్నది అదే. అయినా ఆ మాట ఆయన నోట వింటే సంతోషం కలగలేదు. నిజం చెప్పడానికి కూడా ఈయనకు పార్టీ అనుమతి కావాలి.

వాయిదా రోజున కోర్టు హాలు నిండిపోయింది. పత్రికలవాళ్ళను అధ్యక్షుడే పిలిపించాడు. పోలింగుకు ఇంకా ఐదు రోజులుంది, మర్నాడు పేపర్లో రావాలని ఆయన తాపత్రయం. తమ్ముడు సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మా ఆయన బోనెక్కి, కాంట్రాక్టరు బావమరిదిని వేలెత్తి చూపించాడు. తమ్ముడు నా మోచేతి మీద తట్టాడు. చూశావా, బావ చెప్పాడు అన్నట్టు.

తర్వాత ఆ బావమరిది తరఫు లాయరు లేచాడు. గేటునుంచి ఆ గదికి ఎనభై అడుగులు, మధ్యలో చెట్లు, జనం, అక్కడినుంచి మనిషి మొహం ఎలా కనబడిందని నిలదీశాడు. ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. అబద్ధం చెబుతున్నావన్నాడు. పత్రికలవాళ్ళు రాసుకుంటున్నారు. మా ఆయనకు రోషం వచ్చింది.

"నేను గేటు దగ్గర లేను. గదిలోనే ఉన్నాను," అన్నాడు.

అక్కడినుంచి ఇక ఆగలేదు. కాంట్రాక్టరు బావమరిది వేసుకున్న నీలం గళ్ళ చొక్కా, బెంచీ కాలు ఎటునుంచి విరిచాడో, ఎన్ని దెబ్బలు కొట్టాడో, మూడో దెబ్బ ఎక్కడ తగిలిందో అన్నీ వరసపెట్టి చెప్పాడు. గదిలోనే ఉంటే మీకు ఒక్క దెబ్బయినా ఎందుకు తగల్లేదని లాయరు అడిగాడు. తలుపు వెనక నిలబడ్డానన్నాడు. అంత గొడవలో మీరక్కడ ఉన్నారని ఎవరికి తెలుసు, దానికి రుజువేమిటన్నాడు లాయరు.

"మా బావమరిదికి తెలుసు. కొడుతుంటే బావా బావా అని నన్ను పిలిచాడు."

నా మోచేతి మీద తమ్ముడి చెయ్యి లేదు. వాడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

బయట వరండాలో మా లాయరు సంబరంగా ఉన్నాడు. పోలీసులకు చెప్పినదానికీ దీనికీ కాస్త తేడా వచ్చింది గానీ ఇంత వివరంగా చెప్పిన సాక్షిని కాదనడం కష్టమట, శిక్ష పడుతుందట. మా ఆయన అందరితో చేతులు కలుపుతున్నాడు. తను ఏం చెప్పాడో తనకింకా తెలియలేదు. తమ్ముడు గోడకానుకుని నిలబడ్డాడు. నేను దగ్గరికి వెళ్ళాను.

"నేను పిలిచింది వినబడలేదేమో అనుకునేవాణ్ణి అక్కా," అన్నాడు. "ఇన్నేళ్ళూ."

ఇంటికి పోదాం పద అన్నాను. ఇంతలో అధ్యక్షుడు ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. నన్నూ తమ్ముణ్ణీ పక్కపక్కన నిలబెట్టాడు. రేపటి కరపత్రానికి ఫోటో కావాలన్నాడు. తమ్ముడు బయటికి వస్తే ఎప్పుడూ నల్ల కళ్ళద్దాలు తియ్యడు. బాబూ, ఒక్క నిమిషం ఆ అద్దాలు తీస్తే జనానికి విషయం అర్థమవుతుంది, అక్కకు నాలుగు ఓట్లు పడతాయి అన్నాడు అధ్యక్షుడు, ఎంతో దయగా.

తమ్ముడు నావైపు చూశాడు.

వద్దు అనాలని నాకు తెలుసు. ఆ బూత్ నాకు గుర్తొచ్చింది, అక్కడున్న తొమ్మిది వందల ఓట్లు గుర్తొచ్చాయి, నా పేరున్న జాబితా గుర్తొచ్చింది. అంత ఆలోచించడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. తమ్ముడు మాత్రం నా మొహంలోకే చూస్తున్నాడు. చూసి, నెమ్మదిగా అద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అక్కకి పనికొస్తుందంటే తీసుకోండి," అన్నాడు.

వద్దు అన్నాను. అప్పటికే ఫోటో తీశారు.