నీడవైపు సీటు

శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చి చొక్కా మార్చుకోబోతూ ఉమాశంకర్ ఆగిపోయాడు. గుడ్డ తగిలితేనే చేతులు భగ్గున మండుతున్నాయి. పెరట్లో వెలుతురులోకి వెళ్ళి చూసుకున్నాడు. రెండు ముంజేతుల మీదా ఉన్న తెల్లమచ్చలు ఇప్పుడు తెల్లగా లేవు. ఎర్రగా కందిపోయి ఉబ్బాయి. ఎడమచేతి మచ్చ మీద ఆవగింజలంత నీటిపొక్కులు నాలుగైదు లేచాయి. మెడ కింద కూడా అదే మంట.

రోగం ముదిరిందనుకున్నాడు. గచ్చు మీదే కూర్చుండిపోయాడు.

తిరువూరు మెయిన్ బజారులో వాళ్ళది స్టీలు సామాన్ల కొట్టు. మూడేళ్ళ కిందట అతని మోచేతి దగ్గర చిన్న తెల్లమచ్చ కనబడింది. ఆరు నెలలకి అరచెయ్యంత అయింది, ఆ తర్వాత రెండో చేతికీ మెడకీ వచ్చింది. అప్పట్నుంచీ ఎంత ఉక్కపోసినా చొక్కా చేతులు మణికట్టు దాకా దించి బొత్తాలు పెట్టుకునేవాడు. కొట్టుకి వచ్చిన వాళ్ళు గిన్నె చూస్తున్నారో తన చెయ్యి చూస్తున్నారో అని ఎప్పుడూ అనుమానమే. పెళ్ళిళ్ళకి భార్య భానుశ్రీని పంపేవాడు. కూతురు భువన బళ్ళో ఏం జరిగినా అంతే.

భువన తొమ్మిదో తరగతి. పరుగు పందేల్లో మంచి పేరుంది. ఈ శుక్రవారమే గంపలగూడెంలో నాలుగైదు బళ్ళకి కలిపి ఆటల పోటీలు పెట్టారు. ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఆమె ఉంది.

"నాన్నా, ఈసారి నువ్వు రావాల్సిందే. అమ్మొస్తే కంగారుతో కళ్ళు మూసుకుంటుంది, చూడదు" అని వారం ముందు నుంచీ పట్టుబట్టింది. కాదనలేక వెళ్ళాడు. ఆ ఊళ్ళో తనని ఎరిగిన వాళ్ళు తక్కువ. మైదానంలో అతిథులకి తప్ప ఇంకెవరికీ షామియానా లేదు. చెమటలు పడుతుంటే, మూడేళ్ళలో మొదటిసారి పదిమందిలో చొక్కా చేతులు పైకి మడిచాడు. ఫిబ్రవరి ఎండ ఏం చేస్తుందిలే అనుకున్నాడు. తొమ్మిదింటి నుంచి ఒంటిగంటన్నర దాకా మైదానం గట్టు మీదే కూర్చున్నాడు. భువన రెండోదిగా వచ్చింది. చివరి మలుపులో ఇద్దర్ని దాటినప్పుడు గొంతు పోయేలా అరిచాడు కూడా.

ఇప్పుడు పెరట్లో అతని వాలకం చూసి భానుశ్రీ పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏంటండీ ఇది!" అంటూ లోపలికెళ్ళి టూత్‌పేస్టు పట్టుకొచ్చింది. "మా నాయనమ్మ కాలితే వెన్న రాసేది. వెన్న లేదు, ఇది రాస్తా, చల్లగా ఉంటుంది."

భువన గుమ్మంలో నిలబడి చూస్తోంది. మెళ్ళో వెండిరంగు మెడల్ ఇంకా తియ్యలేదు. ఒక్క క్షణం ఆగి పక్కింటికి పరుగుతీసింది. పక్కింట్లో ఉండే గ్లోరి ప్రభుత్వాసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ముందు ఆ పేస్టు పక్కన పెట్టమ్మా" అంది భానుశ్రీతో. "వెన్న, నూనె, పేస్టు ఏదీ వద్దు. వేడి లోపలే ఉండిపోద్ది. సార్, కుళాయి కింద చేతులు పెట్టండి. మెల్లగా, ధార పెద్దగా వద్దు."

"ఐసు పెట్టనా అక్కా?" అడిగింది భానుశ్రీ.

"వద్దు. కాలిన చర్మానికి ఐసు ఇంకో దెబ్బ. మామూలు చన్నీళ్ళు చాలు."

పావుగంట నీళ్ళ కింద ఉంచాక మంట సగానికి తగ్గింది. మెత్తటి పాత పంచె తడిపి మెడ చుట్టూ కప్పింది గ్లోరి. రెండు గ్లాసుల మజ్జిగ తాగించింది. పొక్కుల జోలికి పోవద్దంది.

"ఎండకి కాలినట్టే ఉంది సార్. కానీ ఇంత గట్టిగా ఎందుకు కాలిందో నాకు అర్థం కాలా. రేపు విజయవాడలో స్కిన్ డాక్టర్‌కి చూపించండి. పొద్దున్నే బయల్దేరండి. బస్సులో నీడవైపు కూర్చోండి."

ఎండకి కాలిందన్న మాట ఉమాశంకర్ చెవికెక్కలేదు. ఎండలో ఎంతమంది లేరు? ఎవరికీ ఏమీ కాలేదుగా. తనకే ఎందుకు? ఇది వేరే జబ్బు అయ్యుంటుంది. భువన మెడల్ తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు ఏడింటి బస్సులో భార్యాభర్తలకి నీడ పడే కుడివైపు సీటు దొరికింది. ఉమాశంకర్‌ది వదులుగా ఉన్న పాత నూలు చొక్కా. మైలవరం దాటాక భార్య వైపు తిరిగాడు.

"భానూ, ఇది పెద్ద జబ్బయితే ఏంటి సంగతి?" అన్నాడు.

"డాక్టర్ చెప్పేదాకా మీరేం చెప్పకండి" అంది ఆమె. ఆమె చేతిలోని సంచి కాడ మాత్రం నలిగిపోతోంది.

డాక్టర్ ముప్పై ఏళ్ళ అమ్మాయి. కళ్ళద్దాలు సర్దుకుని రెండు చేతులూ లైటు కింద చాలాసేపు చూసింది.

"ఈ మచ్చలకి ఏమైనా రాస్తున్నారా?"

ఉమాశంకర్ తటపటాయించాడు. ఇంట్లో కూడా చెప్పని సంగతి అది. "బావంచాల నూనె అండి, ఆ గింజలతో చేసే నాటుమందు. రెండు వారాలైంది. ఫోన్లో చూశాను. రాసుకుని పది నిమిషాలు ఎండలో నిలబడితే రంగు తిరిగొస్తుందన్నారు. మేడ మీద నిలబడేవాణ్ణి."

"నిన్న కూడా రాశారా?"

"పొద్దున్న రాశానండి. కడుక్కునే టైము లేదు, పిల్లకి ఆలస్యమవుతుందని..."

"అలాగే ఎండలోకి వెళ్ళారు. ఎంతసేపు?"

"నాలుగున్నర గంటలు."

డాక్టర్ కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె ముఖంలో చిన్న నవ్వు కనబడేసరికి భానుశ్రీ ఊపిరి వదిలింది.

"ఇంకేం జబ్బు లేదండి. అంతా ఆ నూనె, ఎండ కలిసి చేసిన పని. బావంచాల్లో ఉండే మందు చర్మాన్ని ఎండకి మరీ సున్నితంగా చేస్తుంది. పైగా మచ్చ ఉన్నచోట ఎండని ఆపే రంగు ఉండదు. పక్కనున్న వాళ్ళకి ఏమీ కాకుండా మీకే కాలింది అందుకే."

"మచ్చలు ముదరలేదా?"

"ఇది మచ్చలు ముదరడం కాదు, కాలడం. రేపో ఎల్లుండో ఎరుపు ఇంకాస్త పెరగొచ్చు, కంగారు పడకండి. పది పదిహేను రోజుల్లో మానుతుంది."

"క్యాన్సర్ లాంటిది..." ఆ మాట అనడానికి అతనికి రాత్రంతా పట్టింది.

"కాదు" అంది డాక్టర్, ఒక్క మాటే.

ఉమాశంకర్ తల దించుకున్నాడు. కళ్ళు తుడుచుకోబోతే చెయ్యి మండింది. భానుశ్రీ తన కొంగుతో తుడిచింది.

డాక్టర్ పూత మందు రాసిచ్చింది. నూనె ఆపెయ్యమంది. చర్మం మానేదాకా అసలు ఎండలోకి పోవద్దంది. ఆ తర్వాత కూడా బయటికెళ్ళాలంటే వదులైన పొడుగు చేతుల నూలు చొక్కా, గొడుగు, మచ్చల మీద సన్‌స్క్రీన్ ఉండాలి, అదీ రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకోవాలి, పది నుంచి మూడు దాకా నీడ పట్టునే ఉండాలి అంది.

"మానాక నెలకి రండి. కొలత ప్రకారం లైటు పెట్టి చేసే వైద్యం ఉంది. అందరికీ ఒకేలా పనిచెయ్యదు కానీ చూద్దాం. ఇంకో మాట, పొడుగు చేతుల చొక్కా ఎండ కోసం వేసుకోండి. సిగ్గుతో కాదు."

బస్టాండు దగ్గర హోటల్లో కూర్చున్నాక ఉమాశంకర్‌కి ఒక్కసారిగా ఆకలి తెలిసింది. నిన్న మధ్యాహ్నం నుంచి సరిగ్గా తినలేదు. రెండు ప్లేట్ల పెసరట్టు తిన్నాడు. అతను మూడోది చెప్పబోతుంటే భానుశ్రీ నవ్వేసింది.

"ఆ నూనె సంగతి నాకు చెప్పొచ్చుగా?"

"నయమయ్యాక చెబుదామనుకున్నా."

"నయమవకపోయినా నాకేమైనా తేడానా?" అని ఆమె చట్నీ గిన్నె అతని వైపు జరిపింది.

అక్కణ్ణుంచే భువనకి ఫోన్ చేశారు. మొదటి రింగుకే ఎత్తింది.

"నాన్నా, నేను రమ్మనకపోతే అసలు..." అంది.

"నీ వల్ల కాదే పిచ్చిదానా. నేనే నూనె రాసుకుని ఎండలో వేగాను. పది రోజుల్లో తగ్గిపోద్దంట. ఏ జబ్బూ లేదంట" అన్నాడు. అవతల ఏడుపు వినపడింది, కాసేపటికి ఏడుపులోనే నవ్వు. "నూనెలో వేగావా?" అంటోంది.

డాక్టర్ చెప్పినట్టే ఆదివారం ఎరుపు పెరిగింది. గ్లోరి వచ్చి చూసి, తడిగుడ్డ మార్చి, పర్లేదంది. మంగళవారానికి పొక్కులు అణిగాయి. ఆ పై వారం చర్మం పలచగా పొరలూడింది. దురద పెడుతుంటే భువన అతని చేతుల వెనక కాపలా కూర్చుని గోకనివ్వలేదు.

పదిహేనో రోజున కొట్టు తెరిచాక, లోపల నీడే కదా అని ఉమాశంకర్ చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచాడు. కొంచెంసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రెడ్డిగూడెం నుంచి ఒక పెద్దావిడ ఇడ్లీ పాత్ర కోసం వచ్చింది. పై అరలోది దించి ఇస్తుంటే ఆవిడ చూపు చేతుల మీద నిలిచింది.

"ఏమైంది బాబూ, చేతులకి?"

"ఇవి తెల్లమచ్చలండి. మూడేళ్ళయింది" అన్నాడు ఉమాశంకర్. కొట్లో ఆ మాట అనడం అదే మొదలు. "మొన్న ఎండకి కూడా కాలాయి. ఇప్పుడు తగ్గింది."

"అట్టాగా. మా తమ్ముడికీ ఉన్నాయి, తోటలోకి తలగుడ్డ, పొడుగు చొక్కా లేకుండా వెళ్ళడు" అని ఆవిడ పాత్ర మూత తీసి లోపలికి తొంగిచూసింది. "ఇందులో ఎన్ని రేకులు వస్తాయి?"

"నాలుగండి" అని, అతను ఒక్కో రేకూ తీసి బల్ల మీద పరిచాడు.