అండాలమ్మ చేతి కట్టు

బజ్జీల మూకుడు ఒరిగి, మరిగే నూనె అండాలమ్మ ముంజేతి మీద పడింది. ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉంటుంది. నేను ఎల్బీ నగర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సుని, అక్కడికే తీసుకెళ్లాను. సముద్రపు నాచు జిగురులో కలబంద రసం కలిపి చేసిన పల్చటి పొరని డాక్టరుగారు గాయం మీద పరిచారు. దానిపైన గుడ్డ కట్టు కట్టింది నేనే. ఐదు రోజులు ముట్టుకోవద్దని పదిసార్లు చెప్పాను.

చెప్పి ఏం లాభం? నల్గొండ వైపు నుంచి చుట్టాలు దిగడం మొదలైంది. ఎల్బీ నగర్‌లో బస్సు దిగడం, బ్రెడ్డు, బత్తాయిలు కొనడం, వచ్చి మంచం మీద కూర్చోవడం. "ఏది, జర చూపియ్యి, ఎంత కాలింది?" గాయం చూడకుండా వెళ్తే వాళ్లకి పరామర్శ చేసినట్టే కాదు. అండాలమ్మకేమో మొహమాటం. కట్టు విప్పేది, గుడ్డకి అంటుకుని పొరా ఊడేది. దాంతోపాటు కొత్త చర్మమూ లేచొచ్చేది.

రెండోసారి వేసిన పొరకీ అదే జరిగేసరికి డాక్టరుగారు తల పట్టుకున్నారు. "ఇంకోసారి ఇలా అయితే తొడ నుంచి చర్మం తీసి అతకాల్సిందే."

అండాలమ్మ బిక్కచచ్చిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు విప్పారండీ?"

"గంత దూరంకెళ్లి ఒస్తరు బిడ్డా. చూపియ్యకుంటే ఏమనుకుంటరు?"

ఆ చుట్టాలని ఆపడం నా తరమా? అప్పుడు తట్టింది. ఆ పొర అద్దంలాగే ఉంటుంది, గుడ్డతో మూసిపెట్టింది నేనే! డాక్టరుగారిని అడిగి, ఈసారి కొత్త పొర మీద గుడ్డ బదులు, లోపలున్నది కనిపించే ప్లాస్టిక్ అంటుపట్టీ వేశాను.

మర్నాడే ఆవిడ ఆడబిడ్డ అరుణమ్మ దిగింది. నేను గుమ్మంలో కాపలా.

"కట్టిప్పు వదినా, జర చూస్త."

"ఇప్పే పని లేదు. గీ కిటికీ కాడికి రా, మంచిగ కనిపిస్తది."

అరుణమ్మ కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా చూసింది. "అయ్యో, ఎంత కాలిందే!" అని కళ్లొత్తుకుంది. తర్వాత తృప్తిగా బత్తాయి ఒలిచింది. ఆ ఐదు రోజుల్లో పదకొండు మంది చూసి వెళ్లారు, ఒక్కరూ ముట్టుకోలేదు.

గడువు రోజున డాక్టరుగారు పొర తీశారు. అడుగున లేత గులాబీ రంగు చర్మం. మెల్లగా తాకి చూసి, "చర్మం అతకాల్సిన పని లేదమ్మా," అన్నారు.

అండాలమ్మ భోరుమంది. నర్సునన్న సంగతి మరిచి నేనూ ఏడ్చేశాను. ఆ సంబరంలో ఆవిడ ఫోను తీసి అరుణమ్మకి నేనే చేశాను: "అందర్నీ తీసుకుని రండి అరుణమ్మగారూ, వచ్చి చూడండి!"