ముల్లు మధ్యకి రాని ఫోటో

"గడ్డం కొంచెం కిందికి. ఇంకొంచెం. అంత కాదండీ, కింద చెప్పులు వెతుక్కుంటున్నట్టుంది" అన్నారు ముల్లు మాస్టారు.

స్టూలు మీద కూర్చున్న బస్సు డ్రైవరు ఫక్కున నవ్వాడు. నవ్వితే లైసెన్సు ఫోటో పనికిరాదు. అతని మొహం మళ్ళీ మామూలయ్యేదాకా మాస్టారు కెమెరా వెనకాల ఓపిగ్గా నిలబడి, బొటనవేలితో చక్రాన్ని రెండు గళ్ళు తిప్పారు. టిక్, టిక్. ఆ తర్వాత నొక్కారు.

కంప్యూటరు ముందున్న కూతురు ఆ టిక్కులు విన్నది. డ్రైవరు మెట్లు దిగేదాకా ఆగి, "నాన్నా, ఆటోలో పెట్టమన్నానా లేదా? నిన్న తీసినవి మూడూ పాలిపోయాయి. వాళ్ళని మళ్ళీ పిలవాల్సొచ్చింది" అంది.

"పెడతాలేవే."

"పొద్దున్నుంచీ అదే మాట."

ఆమె కోపంలో న్యాయముంది. మాస్టారి కళ్ళకు పొర కమ్మింది. వెలుతురు సరిపోయిందో లేదో చెప్పే గీతలు కెమెరాలో చూస్తే, అవి ఆయనకిప్పుడు తడిగోడ మీద చీమల్లా ఉన్నాయి. ఆపరేషను వచ్చే నెల. అప్పటిదాకా ఆటోలో పెడితే ఎంత వెలుతురు కావాలో కెమెరానే తేల్చుకుంటుంది కదా, పీడా పోతుంది అని కూతురి వాదన. చేత్తో పెట్టుకుంటే మాత్రం పాపమైనా పుణ్యమైనా మనదే.

ముల్లు మాస్టారన్న పేరు ఊరికే రాలేదు. పాత కెమెరాలో సన్నటి ముల్లు ఒకటి ఉండేది. అది మధ్యకి వస్తే వెలుతురు కుదిరినట్టు. "ఉండండి, ముల్లింకా మధ్యకి రాలేదు" అంటూ ఆయన జనాన్ని ఊపిరి బిగబట్టించి నిలబెట్టేవారు. ఒకసారి ఒక పెళ్ళికొడుకు తాత నిలబడ్డ చోటే కునుకు తీశాడు కూడా. ముల్లు పోయి గీతలొచ్చాయి, రీళ్ళు పోయి చిప్పులొచ్చాయి, పేరు మాత్రం అలాగే అతుక్కుపోయింది.

స్టూడియో మేడమీద. ముప్పై తొమ్మిదేళ్ళుగా అదే గది. అద్దం పక్కన దువ్వెన, ఎవరూ పట్టుకుపోకుండా దారంతో కట్టి ఉంటుంది. ఒక మూల నల్లతెర. ఇంకోవైపు ఎత్తయిన కిటికీ, దాని పక్కన తెల్లగోడ. ఒకప్పటి చీకటిగదిలో ఇప్పుడు చీపుర్లూ విరిగిన గొడుగు లైటూ ఉన్నాయి. తలుపు తీస్తే ఇప్పటికీ మందునీళ్ళ పుల్లటి వాసన వస్తుంది. మాస్టారు రోజుకోసారి ఏదో వంకన ఆ తలుపు తీస్తారు. ఎర్రదీపం కింద, తొట్టిలో, తెల్లకాగితం మీదకి ముందు కళ్ళు, తర్వాత ముక్కు, ఆ తర్వాత మొత్తం మనిషి మెల్లగా తేలి వచ్చే రోజులవి. ఎన్ని వేలసార్లు చూశారో! ప్రతిసారీ ఎవరో ఇంటికి వచ్చినట్టే ఉండేది.

పదకొండు దాటాక మెట్లమీద నెమ్మదైన అడుగులు, మధ్యమధ్య ఆయాసం వినిపించాయి.

"ఒరేయ్, కొట్టు కింద పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేదిరా!"

మాస్టారి అక్క. డెబ్బై దాటిన మనిషి. బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. తమ్ముడి స్టూడియోకి ఎప్పుడైనా క్యారేజీ ఇవ్వడానికి వచ్చిందేమో గాని, ఫోటో కోసం ఏనాడూ రాలేదు.

"కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదక్కా."

"ఫోటో తియ్యి. నాది. ఒక్కదానిదే."

మాస్టారు స్టూలు తుడిచి ఆమె ముందుకి జరిపారు.

"మనవరాలు గోడనిండా ఇంట్లోవాళ్ళ ఫోటోలు పెడుతోంది. మామ్మా, నీదేదీ అంది. పెట్టె మొత్తం తిరగేశాం. అన్నిట్లోనూ ఎవడి వెనకాలో ఉన్నా, లేదంటే చంటిదాన్ని మొహానికి అడ్డం పెట్టుకునున్నా. ఎదురుగా నిలబడింది ఒక్కదాంట్లోనే. అదేంటో నీకు తెలుసు."

తెలుసు. నలభై ఎనిమిదేళ్ళుగా తెలుసు. అక్క పెళ్ళినాటికి ఆయనకి పందొమ్మిది. సొంతంగా తీసిన మొదటి పెళ్ళి అదే. జంటని తెల్లగోడ ముందు నిలబెట్టారు. బావ తెల్లకోటు వేసుకున్నాడు. ముల్లు మధ్యకి వస్తే ఫోటో సరి అని గురువు చెప్పిన మాట పట్టుకుని, ఆ కోటు వైపు చూసి ముల్లుని సరిగ్గా మధ్యకి తెచ్చారు. కోటు గుండీలతో సహా వచ్చింది. అక్కది నలుపు ఛాయ. మొహం ఉండాల్సిన చోట మసి వచ్చింది. "పెళ్ళికొడుకు పక్కన ఒట్టి బట్టలు నిలబడ్డాయే!" అన్నాడు చుట్టాల్లో ఒకడు. అందరూ పగలబడి నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఆ తర్వాత మళ్ళీ కెమెరాకి ఎదురుపడలేదు. తప్పయిపోయిందక్కా అని ఆయన ఒక్కసారీ అనలేకపోయారు. తలుచుకున్నప్పుడల్లా సిగ్గుతో చితికిపోయేవారు.

"నల్లతెర ముందు కూర్చోక్కా. సులువుగా వస్తుంది."

"దాని ముందు నా పళ్ళు తప్ప ఏం కనిపిస్తాయిరా? ఆ గోడ ముందే తియ్యి."

దువ్వెన దారం అందినంత మేర వంగి ముందు జుట్టు సరిచేసుకుని, తెల్లశాలువా కప్పుకుని, ఆమె తెల్లగోడ ముందు కూర్చుంది.

కూతురు లేచి తండ్రి పక్కకు వచ్చింది. "నాన్నా, ఈ ఒక్కటైనా ఆటోలో తియ్యి. పాడైతే అత్త మళ్ళీ ఈ మెట్లెక్కలేదు" అంది గొంతు తగ్గించి.

ఆ మాట గట్టిగానే తగిలింది. ఒకసారి అక్కని మసి చేశారు. ఈసారి కళ్ళు మోసం చేస్తే సున్నం చేస్తారు. మాస్టారు చక్రాన్ని ఆటో మీదికి తిప్పి ఒకటి తీశారు. కెమెరాని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, తెరని ముక్కుకి ఆనించుకుని చూశారు. గోడ చక్కగా వచ్చింది. శాలువా మడతలు వచ్చాయి. మధ్యలో నల్లటి ముద్ద. అంతవరకు ఆయన కళ్ళకీ ఆనింది. కెమెరాని అనడానికేం లేదు. గోడనీ శాలువానీ మనిషినీ కలిపి సగటు కట్టి, తెలుపు ఎక్కువైందని వెలుతురు తగ్గించేసింది. ఆ రోజు తను చేసిందీ అదే.

"వచ్చానా?" అంది అక్క.

"ఉండు. ముల్లింకా మధ్యకి రాలేదు."

"అదొచ్చేలోపు నేను పోతా."

మాస్టారు ఆమె దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పైకి నెట్టి, జానెడు దూరం నుంచి ఆ మొహాన్ని చూశారు. చెంప మీద కిటికీ వెలుతురు. ముక్కు పక్కన నీడ. సూదిలో దారం ఎక్కించీ ఎక్కించీ కళ్ళ చివర పడిన ముడతలు. తన చెయ్యి పట్టుకుని బడికి లాక్కుపోయేటప్పుడు తలెత్తితే కనిపించిన మొహం ఇదే. ఎంత అందంగా ఉండేది!

"ఏంట్రా, కొత్తగా చూస్తున్నావు?"

"ఇన్నాళ్ళూ కోటు చూశానక్కా."

అక్క, తమ్ముడి చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది.

ఆయన వెనక్కి వచ్చి, ఆటో ఎంత పెట్టిందో చదవమని కూతుర్ని అడిగారు. చేత్తో అంతే పెట్టి, అక్కడినుంచి బొటనవేలికి లెక్క అప్పజెప్పారు. మూడు టిక్కులకు వెలుతురు రెట్టింపు. మూడు తిప్పారు. మరో మూడు తిప్పారు.

"ఎక్కువైపోతోంది నాన్నా."

"కానీయ్."

ఇంకొక్కటి తిప్పి నొక్కారు. చూస్తే మళ్ళీ తిప్పబుద్ధేస్తుందని తెర చూడలేదు.

ఫోటో కాగితం మీద వేశాక కబురు చేస్తానని చెప్పి, మోచెయ్యి పట్టుకుని అక్కని కింది మెట్టు దాకా దించి వచ్చారు. భోజనం చేశారు. కాసేపు బల్ల దగ్గర ఏదో రాసుకున్నారు. రోజూలాగే కిటికీ ఎదురుగా ఉన్న బెంచీ మీద, కళ్ళమీద రుమాలు వేసుకుని పడుకున్నారు.

నాలుగింటికి గుర్తింపు కార్డు ఫోటో కోసం ఒకామె వచ్చింది. కూతురు లేపడానికి వెళ్ళింది. ఎండ అప్పటికే బెంచీ మీదికి వచ్చేసింది. మొహం మీద ఎండ పడితే ఆయన అటు తిరిగి పడుకునేవారు. ఆ రోజు తిరగలేదు.

దినవారాలు అయ్యాక, పదిహేను రోజులకి కూతురు స్టూడియో తెరిచింది. మొదట వచ్చింది అక్కే. కంప్యూటరు పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. మేనకోడలు ఆ చివరి ఫోటో తెరిచింది. వెలుతురు మితిమీరిందని హెచ్చరిస్తూ గోడంతా, శాలువా అంతా ఎర్రమచ్చలు మినుకుమినుకుమంటున్నాయి. ఆమె నిట్టూర్చి, మౌసుతో వెలుతురు కిందికి లాగడం మొదలుపెట్టింది. గోడ తేరుకుంది. శాలువా మడతలు తిరిగొచ్చాయి, మొహం మాత్రం మళ్ళీ నల్లటి ముద్దవుతోంది.

"అదేంటే, నన్ను ముంచేస్తున్నావు?"

"ముంచడం కాదత్తా. నాన్న ఎక్కువ పెట్టేశారు. సరిచేస్తున్నా."

అంటూనే ఫోటో పెట్టడానికి కవరు కోసం పక్కనున్న పెట్టెలో చెయ్యి పెట్టింది. పైనే ఒకటుంది. దాని మీద తండ్రి రాత. చదివి, మౌసు వదిలేసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. చేసిన మార్పులన్నీ తీసేసి, ఉన్నదున్నట్టు ముద్రించింది.

గోడ లేదు. శాలువా ఎక్కడ మొదలైందో తెలీదు. ఆ తెలుపు మధ్య అక్క మొహం, ప్రతి ముడతతో, నల్లగా నిగనిగలాడుతూ, ఏదో అనబోతున్నట్టు ఉంది.

అక్క ఫోటోని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "వెధవ" అంది. "నలభై ఎనిమిదేళ్ళు పట్టిందిరా నీకు."

"కవరులో పెట్టిస్తా ఉండత్తా."

"వద్దే. చూసుకుంటూ పోతా."

మెట్లమీద ఆమె అడుగులు ఒక్కొక్కటే దిగిపోయాయి. బల్ల మీద ఖాళీ కవరు మిగిలింది. దాని మీద, గీత దాటి పక్కకి ఒరిగిపోయిన అక్షరాల్లో, "అక్క. సరిచేయొద్దు" అని ఉంది.