గడియ తీసినావిడ

ఫయాజ్‌కు ధైర్యం రావాలనే ఆ నవల చదివి చెప్పడం మొదలుపెట్టాను. వాడు నా తమ్ముడు, మగ్గం నేసేవాడు. రెండు కిడ్నీలూ పాడైపోయాయి. ధర్మవరం నుంచి హిందూపురానికి వారానికి మూడుసార్లు ప్యాసింజర్‌లో డయాలసిస్‌కు తీసుకుపోతాను. అమ్మా నాయనా పోయాక నాకు వాడు, వాడికి నేను, అంతే. ఈ మధ్య బయలుదేరిన ప్రతిసారీ "ఈపొద్దు వద్దులేక్కా" అంటున్నాడు. నాకు ఒళ్లు మండుతుంది. బళ్లో తెలుగు చెప్పేదాన్ని కదా, మాటలతో ఎవరినైనా నిలబెట్టగలనని నా పిచ్చి.

అది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పాత నవల, బళ్లో పిల్లలకు ఉపవాచకం కూడా. శత్రువులు కోటను చుట్టుముడతారు. లోపల తిండిగింజలు అయిపోతాయి. లొంగిపొమ్మని అందరూ చెప్తారు. కోట నాయకుడు మాత్రం ఒంటరిగా కత్తి పట్టుకుని బయటికి పోతాడు. ధైర్యమంటే అలా చివరిదాకా పోరాడడమని ఏటేటా పిల్లలకు గొంతు చించుకుని చెప్తాను.

ఆ సోమవారం రైల్లో ఆఖరి అధ్యాయం చదివి వినిపించాను. "సూస్తివా, ఎట్ల పోయినాడో?" అన్నాను.

వాడు ఎడమచేతి మీద, సూదులు పొడిచీ పొడిచీ ఉబ్బిన నరాన్ని నిమురుకుంటున్నాడు.

"ఎన్నిసార్లు పోయినాడక్కా?"

"ఒగసారే."

"తలుపు ఎవురు తీసినారు?"

"పెండ్లామే గడియ తీసింది."

"ఏడ్సలేదా ఆయమ్మ?"

"లేదు. పోయిరమ్మనింది."

"అట్లయితే ధైర్యం ఆయమ్మదక్కా. ఆయప్పది కాదు."

ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఆవిడ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. కోపం వచ్చింది. నోరు మూసుకొమ్మని కసిరాను.

పెనుకొండలో ధర్మవరం వైపు పోయే ఎదురుబండి కోసం క్రాసింగ్‌కు మా బండి ఆగింది. నేను సంచి సర్దుకునేలోగా వాడు దిగిపోయాడు. చూస్తే కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతున్నాడు. వాడికి రోజు మొత్తానికి రెండు గ్లాసులకు మించి తాగకూడదన్నారు. జబ్బు చేసినప్పటినుంచి గొంతు తడుపుకోవడమే కానీ కడుపారా తాగింది లేదు. చొక్కా తడిసిపోతున్నా పట్టించుకోకుండా, కళ్లు మూసుకుని ఎంత హాయిగా తాగుతున్నాడో! పరుగెత్తుకెళ్లి చేతిమీద ఒక్కటి వేశాను.

"ఏం చేస్తాండావురా? సచ్చిపోతావు!"

"తెలుసక్కా. అవతల బండి వస్తాంది, ఇంటికి పోదాం. ఇంగ నాతో కాదు. నన్ను ఇడ్సిపెట్టు."

జబ్బు చేయకముందు మగ్గం మీద కూర్చుంటే అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు, అంత మొండివాడు నన్ను బతిమాలుకున్నాడు. సరే అనాలి. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ప్లాట్‌ఫారం మీదే కూలబడి, జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా బావురుమన్నాను.

వాడే నా రెక్క పట్టి లేపాడు.

"ఏడ్సొద్దులే, పా పోదాం. సచ్చేదానికి నాకు భయం లేదక్కా. నువ్వు ఏడిస్తే మాత్రం తట్టుకోలేను."

హిందూపురం బండిలోకే నన్ను ముందు ఎక్కించి వాడు వెనక ఎక్కాడు.

ఆసుపత్రిలో నర్సు పెట్టెలోంచి సూదులు తీసింది. అడక్కముందే వాడు చెయ్యి చాచి, గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. వాణ్ణి నేను బతికించుకోవడం లేదు. ఒంటరిదాన్నవుతానన్న భయంతో చావనివ్వడం లేదు, అంతే. బుధవారం మళ్లీ తీసుకొస్తాను. వాడు రానంటే మళ్లీ ఏడుస్తాను.